ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ

పోయినవాళ్ల స్కాను కాపీ కోసం మా సెంటరుకు ఎవరూ రారు. మనిషి ఉండగా వస్తారు. ఫిల్ము బస్సులో మరిచిపోయామనో, వానకి తడిసిందనో, ఇంకో డాక్టరు చూస్తానన్నాడనో వస్తారు. మనిషి వెళ్లిపోయాక ఆ కవరు బీరువా పైకి చేరుతుంది. ఏ పండక్కో ఇల్లు దులిపినప్పుడు పాత సామాన్లవాడి బండి ఎక్కుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నేను చూసింది ఇదే. అందుకని పోయిన నెల ఒకావిడ కౌంటరు దగ్గర నిలబడి, "మా నాన్నగారి తల ఫోటో ఇంకోటి కావాలండి. ఆయన ఏప్రిల్‌లో పోయారు" అన్నప్పుడు మా రిసెప్షన్ అమ్మాయి నా గది వైపు చూసింది.

ఆవిడ చేతిలో నల్ల గొడుగు ఉంది. నేను మనిషి కంటే ముందు గొడుగును గుర్తుపట్టాను.

మా సెంటరు రాజమండ్రిలో. నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్ని. పెళ్లయిన కొత్తలో ఆ పేరు విని మా అత్తగారి ఊరివాళ్లు నేను బాంబులు చేస్తాననుకున్నారు. నేను చేసేది చాలా చిన్న పని. మామూలు స్కానులో మెదడు ఆకారం కనపడుతుంది. మా దాంట్లో మెదడులో ఏ మూలకి ఎంత రక్తం అందుతోందో కనపడుతుంది. నరంలోకి ఒక మందు ఎక్కిస్తాం. రక్తం ఎటు పోతే మందు అటు పోయి, అక్కడే ఆగిపోతుంది. తర్వాత కెమెరా తల చుట్టూ తిరిగి, ఎక్కడ ఎంత ఆగిందో చూసి రంగుల్లో బొమ్మ వేస్తుంది. వణుకుడు జబ్బు ఉన్న పెద్దవాళ్లకు మతి కూడా తప్పుతోందని అనుమానం వస్తే, మెదడు డాక్టర్లు కొందరిని మా దగ్గరికి పంపిస్తారు.

చేరిన మొదటిరోజే మా సీనియరు ఒక మాట చెప్పాడు. బొమ్మ తీయాలి, బొమ్మ గురించి మాట్లాడకూడదు. ఎవరేమడిగినా "డాక్టరుగారు చెప్తారండి" అనాలి. ఆ మాట నా నోట్లో ఎంత నానిపోయిందంటే, కూరలో ఉప్పు సరిపోయిందా అని మావారు అడిగి, నేను నోరు తెరిచేలోపే "డాక్టరుగారు చెప్తారులే" అని తనే అనేసుకుంటారు. ఈ నియమం మంచిదే. తెలిసీ తెలియని మాట చెప్పి మనిషిని భయపెట్టకుండా కాపాడుతుంది. నన్ను కూడా కాపాడుతుంది. ఆ రెండో సంగతి నేను ఒప్పుకోవడానికి ఈ పెద్దాయన రావాల్సి వచ్చింది.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో వచ్చారు. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా. మా గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయారు. కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టున్నాయి. వెనకాల నలుగురు నిలబడ్డారు, ఒకాయన విసుక్కుంటున్నాడు కూడా. ఈ జబ్బులో గుమ్మాల దగ్గర కాళ్లు ఇలా మొండికేస్తాయి, నేను చాలామందిని చూశాను. చేయి పట్టి లాగితే పడిపోతారు. వీల్‌చైరు తెమ్మని అరవబోతుంటే, పక్కనున్న ఆయన కూతురు ఏమీ కంగారుపడకుండా గొడుగు తీసి ఆయన పాదాల ముందు అడ్డంగా నేల మీద పడేసింది. ఆయన గొడుగు వైపు చూశారు. పంచె కాస్త ఎత్తిపట్టుకుని, చేలో గట్టు దాటినట్టు దాని మీంచి అడుగు వేసి లోపలికి వచ్చేశారు.

"చదునుగా ఉంటే కదలవండి. గట్టు కనపడితే దాటతాయి" అన్నారు తన కాళ్ల గురించి. ఎవరి పశువుల గురించో చెప్తున్నట్టుంది ఆ చెప్పడం.

గొంతు చాలా సన్నం. దగ్గరికి వంగితే గాని వినపడదు. ముఖంలో ఏ మార్పూ ఉండదు, నవ్వినా కోపగించినా మనకు తెలియదు. అదీ ఆ జబ్బే. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూ ఉంటాయి. అందరికీ అంతే. ఈయన చేస్తుంటే మాత్రం వడ్లగింజ నలిపి లోపల బియ్యం చూస్తున్నట్టుండేది. సైకిలు మాత్రం ఇప్పటికీ తొక్కుతారని కూతురు చెప్పింది. నడక రాని మనిషి సైకిలేంటని ఊళ్లోవాళ్లు నవ్వేవారట. నడక ఆగిపోయినవాళ్లలో కొందరు సైకిలు చక్కగా తొక్కుతారని డాక్టర్లు చెప్పగా నేనూ విన్నాను.

ఫారం నింపుతూ అడిగాను. "ఏం పని చేసేవారండి?"

"నీళ్లు చెప్పేవాణ్ణండి."

నేను పెన్ను ఆపాను. "లస్కరండి, లాకుల దగ్గర" అంది కూతురు. కాలవ తూముల తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. వాళ్లది మొగల్తూరు అవతల, కాలవ ఆఖర్న ఉన్న ఊరు. మా డెల్టాలో నీళ్లు బ్యారేజీ దగ్గర పుట్టి అందరి చేలూ తడుపుకుంటూ వెళ్లి, మిగిలితే వాళ్లకి వస్తాయి. కాలవ చివరి పొలాలను శివారు అంటారు. శివారు రైతుకు గోదారి ఉన్నట్టే ఉంటుంది గానీ ఉండదు.

మందు ఎక్కించే ముందు పేషెంటును పావుగంట చీకటిగదిలో పడుకోబెడతాం. మాటలుండకూడదు, చప్పుడుండకూడదు, మెదడు ఊరికే ఉండాలి. ఆయన్ని పడుకోబెట్టి వస్తుంటే వెనక నుంచి ఆ సన్నని గొంతు.

"అమ్మాయిగారూ, నీళ్లు కారుతున్నాయి."

లేనివి కనపడుతున్నాయని డాక్టరుగారు చీటీలో రాశారు. సరే, ఇదన్నమాట అనుకున్నాను. "ఏం లేవు బాబాయిగారూ, పడుకోండి" అన్నాను.

"ఆ మూల. ఒకసారి చూడండి."

ఆయన మాట తీసెయ్యలేక సెల్‌ఫోను లైటు వేసి చూశాను. ఏసీ పైపు ఊడి, గోడ వెంట నీళ్లు కారి, మూల చిన్న మడుగు కట్టి ఉంది.

"ఇవి ఉన్న నీళ్లేనా?" అని అడిగారు.

"ఉన్నవేనండి."

"ఆయ్" అని కళ్లు మూసుకున్నారు. నేను గోనెపట్టా తెచ్చి వేసి, పరువు పోయినదానిలా బయటికి వచ్చాను.

మందు ఎక్కించాక గంటసేపు ఆగాలి. ఆయన కుర్చీలో కూర్చుని కునుకుతున్నారు. ఆ గంటలో కూతురు నాకు అసలు సంగతి చెప్పింది. ఆవిడ ఊళ్లో పోస్టాఫీసులో పనిచేస్తుంది, మాట పొందిగ్గా ఉంటుంది.

దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు చాలవు. అందుకని వంతులు పెడతారు. ఈ నాలుగు రోజులు ఎగువకు, ఆ నాలుగు రోజులు దిగువకు. వంతు నీళ్లు శివారుకు చేరాయో లేదో చెప్పడం ఈయన పని. పొద్దున్నే కాలవగట్టు మీద సైకిలు మీద వెళ్లి చూసి, తిరిగి వస్తూ ఇంటింటి ముందూ ఆగి ఒక్క మాట చెప్పేవారు: "వచ్చేయి." నీళ్లు వచ్చాయని, అంతే. ఆ మాట వింటే రైతులు ఆకుమడిలో నారు తీయించేవారు, ఊడ్పులకు మనుషుల్ని పిలిచేసేవారు. ఎవరూ కాలవ దాకా వెళ్లి చూసేవారు కాదు. చూడ్డం మర్యాద కాదు. ఒకసారి కొత్తగా కౌలుకు వచ్చినాయన వెళ్లి చూసొస్తే, "అయితే నీకు నువ్వే చెప్పుకో" అని ఆ పంటంతా ఈయన వాళ్లింటి ముందు ఆగలేదట. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు అందరూ. వాళ్ల ఊళ్లో మాత్రం నిజం లస్కరెరుగు అనేవారట. రిటైరయ్యాక ఆ పోస్టులో ఎవర్నీ వేయలేదు. నీటిసంఘం వాళ్లు బతిమాలితే ఈయనే చెప్తూ వచ్చారు. చేతులు వణుకుతున్నా, మాట సన్నబడ్డా, పొద్దున సైకిలు కదిలేది.

"మొన్న జనవరిలో కూడా అలాగే చెప్పేరండి. వచ్చేయి అన్నారు. శివారు రైతొకాయన రెండెకరాల నారు తీయించేశాడు. పొద్దున్నే ఊడ్చేవాళ్లు దిగితే చేలోకి పారే బోదెలో చుక్క లేదు. కాలవలో లేదు. అసలు రాలేదండి."

"మరి ఈయన చూశానన్నారు?"

"చూసేనంటారు. గట్టు అంచుదాకా నిండి ఉన్నాయంటారు. తుంగ కదలడం కూడా చూసేరట."

తీసిన నారు మూడు రోజులకు పచ్చబడిపోయింది. మళ్లీ నారు పోసే అదను లేదు. ఆ రైతు లాకుల దగ్గర నలుగురిలో నిలబెట్టి అడిగాడు. నీళ్లు చేపల చెరువులకి తిప్పేసి మాకు వచ్చేయని చెప్పేవు, ఎవరికి అమ్ముడుపోయేవు అన్నాడు. ఈయన మర్నాడు సైకిలేసుకుని వెళ్లి ఎండిన కాలవలోకి దిగి, అడుగుమట్టి చేత్తో తడిమి చూసి వచ్చారట. అప్పట్నించీ తిండి సరిగ్గా లేదు.

"డాక్టరుగారు ఈ పరీక్ష రాస్తే నాకు భయమేసిందండి. తల బాగాలేదని తేలితే ఊళ్లో పిచ్చోడంటారు కదా. ఎవరికీ చెప్పొద్దు నాన్నా అన్నాను."

కునుకుతున్నారనుకున్న మనిషి కళ్లు తెరవకుండానే అన్నారు. "అమ్ముడుపోయినోడు అనడం కంటే నయం."

ఆయనకు కావలసింది జబ్బు లేదన్న మాట కాదని నాకు అర్థమైంది. నలభై ఏళ్లు చెప్పిన మాట ఆ ఒక్క పొద్దున ఎందుకు తప్పిందో ఆయనకే తెలియలేదు. ఊరు మోసమంది. ఆయన మోసం చేయలేదు, కానీ కళ్లారా చూసిన నీళ్లు లేకపోవడానికి ఇంకో కారణం ఆయన దగ్గర లేదు. ఆ కారణం కోసం బస్సులు మారి ఇంతదూరం వచ్చారు.

స్కాను అరగంట. తల కదలకుండా పట్టీ వేశాం. చేతులు వణుకుతూనే ఉన్నాయి గానీ, తల మాత్రం దించిన తూము తలుపులా నిలిపారు. అయిపోయాక లేపి, నెమ్మదిగా బయటికి నడిపించి నా కంప్యూటరు పక్కనుంచి వెళ్తుంటే ఆ గది గుమ్మంలో కాళ్లు మళ్లీ ఆగాయి. గొడుగు బయట కూతురి దగ్గర ఉంది. ఆవిణ్ణి పిలుచుకురమ్మని ఆయాను పంపాను. ఆవిడ వచ్చేదాకా ఆయనకు తెర వైపు చూడ్డం తప్ప పని లేదు.

తెర మీద ఆయన మెదడు దోసకాయ చక్రాల్లా వరసగా పరిచి ఉంది. ఒక్కో చక్రంలో ముందు భాగం, నడిమి భాగం ఎరుపు, పసుపు. వెనక భాగం మొత్తం నీలం.

"ఇది నాదేనా అమ్మాయిగారూ?"

"మీదేనండి."

"ముందుపక్క ఎటు?"

"పైనున్నది ముందుపక్క. కిందున్నది వెనక."

"అంటే పైన హెడ్డు లాకులు. కింద శివారు." నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వారో లేదో ఆ ముఖంలో తెలియదు. కాసేపు చూసి మళ్లీ అన్నారు. "శివారంతా నీలంగా ఉందండి."

నేను తర్వాతి పేషెంటు చీటీ చేతిలోకి తీసుకున్నాను.

"మా ఆఫీసు గోడకి పెద్ద మ్యాపు ఉండేది. నీళ్లు పారే చోటల్లా నీలం వేసేవారు. నీళ్లందని చేలకి ఇంజనీరుగారు ఎర్ర పెన్సిలుతో చుట్టేవారు. మరి ఇక్కడ శివారంతా నీలమే, శివారుకే వస్తే పైన లోటుండదు. అంటే అందుతున్నట్టే కదండీ?"

అది తలకిందులుగా చదవడం. మా బొమ్మల్లో ఎరుపంటే రక్తం బాగా అందుతున్న చోటు, నీలమంటే అందనిది. తెర పక్కనే రంగుల పట్టీ ఉంది, వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. నా నోరు అలవాటు ప్రకారం పనిచేసింది.

"డాక్టరుగారు చెప్తారండి."

"అయితే తలకేం లేదన్నమాట" అన్నారాయన. ఆ మాట ఆయనకు శుభవార్త కాదని నాకు బాగా తెలుసు. కూతురు వచ్చి గొడుగు పడేసింది. ఆయన దాటి వెళ్లిపోయారు. సాయంత్రం ఫిల్ము, రిపోర్టు కవర్లో పెట్టి అంటించి ఇచ్చాం, డాక్టరు దగ్గర తప్ప విప్పొద్దని చెప్పి. ఆ డాక్టరుగారు ఊళ్లో లేరు, ఎనిమిది రోజుల తర్వాత రమ్మన్నారు. నేను మర్నాటి పేషెంట్ల పేర్లు రాసుకుని ఇంటికి వెళ్లిపోయాను. నిద్ర కూడా బాగానే పట్టింది.

మూడోరోజు సెంటరుకు ఫోను. కూతురు.

"ఏం చెప్పారండి మా నాన్నగారికి?"

"నేనేం చెప్పలేదండి."

"లాకుల దగ్గరకెళ్లి అందరికీ చెప్పేశారు. రాజమండ్రిలో ఫోటో తీయించుకున్నాను, నా తల బాగానే ఉంది, తప్పు నాదే అన్నారు. చూశారా తనే ఒప్పుకున్నాడు అంటున్నారు జనం. ఎవరు చెప్పారు నాన్నా అంటే, నేనే చూసేను, ఆ అమ్మాయిగారు కాదనలేదు అంటున్నారు."

"నేను నిజంగా ఏమీ చెప్పలేదమ్మా."

"అదేనండి. ఏమీ చెప్పలేదు" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

నేను నియమం తప్పలేదు. ఎవరడిగినా ఆ మాటే చెప్పగలను. అయినా ఆ రోజు మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం ముందు కూర్చుంటే, చేసిన తప్పు ఎక్కడా రాసి ఉండకపోవడం ఎంత సుఖమో తెలిసొచ్చి సిగ్గేసింది.

ఎనిమిదోరోజు వాళ్లు డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా మా దగ్గరికే వచ్చారు. గుమ్మం, గొడుగు, అడుగు. కుర్చీలో కూర్చుని ఆయన కవరు నా చేతిలో పెట్టారు.

"డాక్టరుగారు శివారుకి అందట్లేదన్నారండి."

"వారు చెప్పారు కదండీ మరి."

"నేను నమ్మలేదు." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "మా అమ్మాయి ముందే వెళ్లి మాట్లాడింది. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పిస్తోందేమోనని. నేను చూసింది నీలం. మీరు చెప్పండి. మీరు నాకేం కారు."

అంత పెద్ద గౌరవం నాకు ఈ ఉద్యోగంలో ఎవరూ ఇవ్వలేదు. ఏమీ కానిదాన్ని కాబట్టి నా మాట చెల్లుతుంది. ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి బొమ్మ తెరిచాను. పక్కనున్న రంగుల పట్టీ మీద వేలు పెట్టి పైనుంచి కిందకు జరిపాను. ఇది ఎక్కువ, ఇది తక్కువ. మీ మ్యాపుకి ఇది తలకిందులు. తర్వాత జబ్బు లేని ఇంకొకరి బొమ్మ, పేరు మూసేసి, పక్కన పెట్టాను. ఆ బొమ్మలో వెనకపక్క కూడా ఎరుపూ పసుపూ నిండుగా ఉన్నాయి.

ఆయన రెంటినీ చాలాసేపు చూశారు.

"ఈయనెవరో గాని ఆయకట్టంతా తడిసింది."

"అవునండి."

"నాకు శివారు ఎండింది."

"తక్కువ అందుతోందండి."

"ఆ వెనకపక్క ఏం పని చేస్తుంది?"

"కంటికి కనపడిందాన్ని ఇది ఫలానా అని పోల్చుకునే పని, చాలావరకు."

ఒక మాట ఇక్కడ రాయాలి. ఆ జనవరి పొద్దున కాలవలో ఆయనకు నీళ్లెందుకు కనపడ్డాయో ఈ ఫిల్ము ఒక్కటే రుజువు చేయలేదు. డాక్టర్లు మనిషిని చూసి, ప్రశ్నలడిగి, ఈ బొమ్మనూ కలుపుకుని చెప్తారు. అదీ చెప్పాను ఆయనకు. తల ఊపారు. వేళ్లు గింజ నలుపుతూనే ఉన్నాయి.

"అమ్మయ్య" అన్నారు.

బొమ్మ బాగాలేదంటే ఏడ్చినవాళ్లను చూశాను, మా మీద అరిచినవాళ్లను చూశాను. ఒడ్డున పడ్డట్టు ఊపిరి వదిలిన మనిషి ఈయనొక్కరే. కూతురు ముఖం అటు తిప్పుకుంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయని రాస్తే బాగుంటుంది గానీ తిరగలేదు. ఈయన ముందు నేను చాలా చిన్నదాన్ననిపించింది, అంతే.

వెళ్లబోతూ ఆగారు. ఈసారి కాళ్ల వల్ల కాదు. "ఎరుపంటే నీళ్లని దీని మీద రాసిస్తారా? నేను చెప్తే ఇప్పుడెవరూ నమ్మరు."

ఫిల్ము మీద మేం ఏమీ రాయకూడదు. మార్కరు తీసి, అంచున ఖాళీ ఉన్నచోట, పల్లెటూరివాళ్లు చదువుకునేలా పెద్ద అక్షరాలతో రాశాను: ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ.

తర్వాత సంగతి నాకు పోయిన నెల దాకా తెలియదు. పాత బొమ్మ వెతికి ప్రింటుకు పెట్టి, అది వచ్చేలోగా కూతుర్ని అడిగాను, మొదటిదేమైందని.

"ఆ శివారు రైతింట్లో ఉందండి" అంది.

ఆ రోజు రాజమండ్రి నుంచి దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా, తిన్నగా ఆ రైతింటికి వెళ్లారట. గుమ్మంలో గొడుగు వేయించుకుని దాటారు. ఫిల్ము వాళ్ల కిటికీకి ఆనించి పట్టుకుని, పైన హెడ్డు లాకులు, ఇది నడిమి కాలవ, ఇదిగో ఇక్కడ్నించి ఎండు అని వేలితో చూపించారు. "నేను చూసిన నీళ్లు కాలవలోవి కావురా. ఇక్కడివి. నేను అమ్ముడుపోలేదు, నాకు ఎండిపోయింది" అన్నారట. ఆ రైతు అంచున రాసింది రెండుసార్లు చదివి, వాళ్లావిడతో మజ్జిగ తెప్పించాడు. ఫిల్ము అక్కడే వదిలేసి వచ్చారు.

"ఆ తర్వాత నీళ్లు చెప్పడం మానేశారా?"

"మానలేదండి. చెప్పడం మారింది."

పొద్దున్నే సైకిలు మీద, సైకిలు కూడా పోయాక వాకిట్లో కుర్చీలో కూర్చుని, కాలవ వైపు చూసేవారట. ఆ రైతు చేలోకి వెళ్తూ ఆగేవాడు. ఈయన అనేవారు, "నాకు వచ్చేయి. నువ్వెళ్లి చూసుకో." ఎవరైనా వెళ్లి చూస్తే పంటంతా మాట్లాడని మనిషి. ఆ రైతు వెళ్లి చూసి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఉంటే ఉన్నాయండి అని. లేకపోతే, లేవండి అని. లేవన్నప్పుడు ఈయన "అయితే అవి నావే" అని ఊరుకునేవారట. ఒకట్రెండుసార్లు కూతురే ఆ రైతును పక్కకి పిలిచి, ఉన్నాయని చెప్పేయరాదా, ఆయనకి తృప్తిగా ఉంటుంది కదా అంది. "ఆయనకి నేను అబద్ధం చెప్పనండి" అన్నాడట.

మూడేళ్లు అలా గడిచింది. చివరి ఆరు నెలలూ మతి బాగా తప్పింది. కూతుర్ని ఒక్కోరోజు పోస్టమ్మగారూ అని పిలిచేవారు. గొడుగు వేసినా కాళ్లు దాటేవి కావు. అయినా ఆ రైతు వస్తే మాత్రం "నాకు వచ్చేయి" అనడం, అతను వెళ్లి చూసిరావడం ఆగలేదు.

"ఫిల్ము అడగలేకపోయారా మరి?"

"అడిగేనండి, కర్మలయ్యాక. ఇవ్వనన్నాడు. అది ఆయన నాకు చెప్పిన మాట, తిరిగిచ్చేది కాదు అన్నాడు. కిటికీకి అంటించి ఉంచేడు. ఎండకి రంగు వెలిసిపోయింది కూడా." కాస్త ఆగి అంది. "మా ఇంట్లోనూ ఒకటి ఉంటే బాగుంటుందనిపించి వచ్చేను."

లోపల ప్రింటరు నెమ్మదిగా తిరుగుతోంది. ఆవిడ గొడుగు పిడి మీద చేతులు పెట్టుకుని, అడక్కుండానే ఆఖరి సంగతి చెప్పింది.

ఏప్రిల్లో కాలవలు కట్టేశారు. ఏటా ఎండాకాలం మరమ్మతులకు కట్టేస్తారు, జూను దాకా చుక్క ఉండదు. అప్పటికి ఆయన మంచం దిగడం లేదు. కిటికీలోంచి కాలవగట్టు కనపడుతుంది. ఆ రైతు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నాకు వచ్చేయి అంటారని ఎదురుచూశాడు. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, ఎప్పుడూ లేనిది తనే అడిగారు.

"కాలవలో నీళ్లున్నాయా?"

"లేవండి. కట్టేశారు."

"నాకూ లేవు" అన్నారట.

వేళ్లు గింజ నలపడం ఆగిందని, ఆయన నవ్వారేమోననిపించిందని, కానీ ఆ ముఖంలో తెలియదు కదా అని కూతురు అంది. మర్నాడు పొద్దున పోయారు.

ప్రింటరు ఆగింది. ఫిల్ము ఇంకా వెచ్చగా ఉంది. బల్ల మీద పరిచి, అంచున ఖాళీ ఎక్కడుందో చూసి, మార్కరు మూత తీశాను.